అద్దకం, కుట్టు నేర్పితే బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి బీఏ అయింది. చెక్క అచ్చులతో అద్దకం, ఎంబ్రాయిడరీ బాగా చేస్తుంది. వర్క్‌షాపులు పెట్టి నేర్పుతానంటోంది. ఏ కోర్సు చేయించాలి? – ఒక తల్లి

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దామమ్మా. పదిమందిని ఒకేసారి కూర్చోబెట్టి నేర్పగలదో లేదో ముందు తేలాలి. పని బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు.

అద్దకం, రంగులు, కుట్టు మూడూ ఒకేరోజు పెట్టొద్దనండి. అద్దిన గుడ్డ ఆరి, ఇస్త్రీ అయితేగానీ సూది దిగకూడదు. మొదటి ఆదివారం రంగులు కలపడం, అద్దకం. మరుసటి ఆదివారం అదే గుడ్డ మీద కుట్టు. వానాకాలంలో రాయగడలో గుడ్డ ఆరదు. తడిగా మడిస్తే రంగు రెండో మడతకు అంటుకుంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోవడం మేలు.

సగం పని ముందురోజే అయిపోవాలి. కోరా గుడ్డను బట్టల సోడా, సబ్బు పొడి వేసి అరగంట ఉడికించి జాడించాలి. నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకోవాలి. చుక్క నిలిచిందంటే గంజి పోలేదన్నమాట. ఆ గుడ్డ మీద రంగు ఉతుకులో పోతుంది, నింద టీచరు మీద పడుతుంది. ఒక్కొక్కరికి మీటరు గుడ్డ, సాధనకు రెండు జేబురుమాళ్లంత ముక్కలు ఇవ్వాలి. కిలో బైండర్ పేస్టుకు (రంగును గుడ్డకు అంటించే జిగురు ముద్ద) పిగ్మెంటు, అంటే అద్దకం రంగు, 30 నుంచి 50 గ్రాములు మించొద్దు. ముదురు రంగు కావాలని ఇంకా పోస్తే ఆరాక రాలుతుంది.

బల్ల గట్టిగా ఉంటే అచ్చు మధ్యభాగం గుడ్డ మీద సరిగా పడదు కాబట్టి నాలుగు మడతల దుప్పటి పరవాలి. రంగు పళ్లెంలో కంబళి ముక్క, దానిపై పల్చని గుడ్డ వేయాలి. నేరుగా రంగులో ముంచితే అచ్చులో చెక్కిన గాడులు పూడి పువ్వు ముద్దవుతుంది. పని కాగానే అచ్చును బ్రష్‌తో కడగాలి. బైండర్ ఎండితే నీళ్లకు లొంగదు. కృష్ణా జిల్లా పెడనలో టేకు అచ్చులు చెక్కే పనివాళ్లున్నారు, ఒకసారి స్వయంగా వెళ్లి చూసి కొనమనండి. అద్దిన గుడ్డను ఒకరోజు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి నాలుగైదు నిమిషాలు వేడి ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

రంగుల పాఠానికి పసుపు, గులాబీ, నీలి పచ్చ చాలు. నలుపు మాత్రం టీచరు చేతిలోనే ఉండాలి, ఒక్క చుక్క ఎక్కువైనా పళ్లెమంతా బురదే. కుట్టుకు ఆరు పోగుల దారంలోంచి రెండే తీసి, మూరెడు పొడవు కత్తిరించాలి. పొడవైతే చిక్కుపడుతుంది. రన్నింగ్, కాడ కుట్టు, గొలుసు కుట్టు, అంతకుమించి మొదటిరోజు వద్దు.

మీ జిల్లాలోనే డోంగ్రియా కొంధు గిరిజన ఆడవాళ్లు కుట్టే కప్డాగండా శాలువా ఉంది. దానికి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ నమూనాలు మీ అమ్మాయి తన పాఠంగా నేర్పడం సరికాదు. కుట్టే ఆవిడనే పిలిచి, రోజు కూలీ కాకుండా టీచరు ఫీజు ఇచ్చి చెప్పించమనండి.

ఇక కోర్సులు. ఐటీఐలో ఏడాది ఎంబ్రాయిడరీ ట్రేడ్ చాలు. భువనేశ్వర్‌లోని జాతీయ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ డిగ్రీ మంచిదే కానీ ఖర్చెక్కువ, ఈ పనికి అవసరం లేదు. బర్‌గఢ్ చేనేత సంస్థ మగ్గం నేతకు, ఈమెకు కాదు. ప్రభుత్వ నైపుణ్య కేంద్రాల్లో చెప్పాలంటే మాత్రం ఆ రంగానికి నైపుణ్య ప్రమాణాలు చూసే సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి ట్రైనర్ సర్టిఫికెట్ అడుగుతారు. హస్తకళల శాఖ చేతిపనివారికి ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి.

మొదటి ఏడాది దీన్నే నమ్ముకోవద్దు. బ్లౌజుల మగ్గం వర్కో ట్యూషనో పక్కన ఉండాలి. రాయగడలో తెలుగు, ఒడియా రెండింట్లోనూ చెప్పగలిగితే బ్యాచి త్వరగా నిండుతుంది. సగం ఫీజు ముందే తీసుకోమనండి, గుడ్డా రంగులూ కొనేది ఆ డబ్బుతోనే.