కొత్త కెర్నల్ వేశాక బూట్ కావట్లేదా? ఫార్మాట్ మాత్రం కొట్టించకండి

ఉబుంటు లినక్స్‌లో మీరే సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసిన కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన ప్రోగ్రాం) వేశాక "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అంటూ కెర్నల్ ప్యానిక్ వచ్చి ఆగిపోతోందని, ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు ఫార్మాట్ కొట్టాలన్నారని రాశారు. వద్దండీ. ఈ ఎర్రర్ వచ్చినంత మాత్రాన డిస్కులో ఫైళ్లు పోవు. అనవసరంగా ఫార్మాట్ చేయించుకుని ఫైనలియర్ ప్రాజెక్టు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు పాత కెర్నల్‌తో లోపలికి వెళ్లండి. ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ (ఏ కెర్నల్‌తో బూట్ కావాలో ఎంచుకునే ప్రోగ్రాం) మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత వెర్షన్ ఉంటుంది. అది బూట్ అయితే సగం టెన్షన్ తీరినట్టే.

ఇక ఆ ఎర్రర్ చివర బ్రాకెట్లో అంకెలు చూడండి. (8,1) లాంటిది వస్తే కెర్నల్‌కి డిస్కు కనిపించింది కానీ ఫైల్‌సిస్టమ్ చదవలేకపోయిందని. (0,0) అంటే రూట్ డిస్కే (సిస్టమ్ ఫైళ్లున్న డిస్కు) దొరకలేదు. డిస్కు డ్రైవర్ మాడ్యూల్‌గా (కెర్నల్ బయట విడి ఫైలుగా) ఉంటే దాన్ని లోడ్ చేయాల్సింది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, అంటే బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉన్నా, గ్రబ్ ఇచ్చే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని (దాని గుర్తింపు సంఖ్యని) కెర్నల్ సొంతంగా గుర్తుపట్టలేదు, దానికీ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్సే కావాలి.

గాజువాకలో మా ఇంట్లో సిస్టమ్‌కి సరిగ్గా ఇదే వచ్చింది. గ్రబ్‌లో 'ఇ' నొక్కి చూస్తే పాత కెర్నల్‌కి 'లినక్స్' లైను కింద 'ఇనిట్‌ఆర్‌డీ' లైను ఉంది, కొత్తదానికి ఆ లైనే లేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలును కెర్నల్‌కి అందించేది ఆ లైనే. పాత కెర్నల్‌తో లోపలికెళ్లి టెర్మినల్‌లో 'డీఎఫ్' (డిస్కు ఎంత నిండిందో చూపే కమాండ్) కొడితే, కెర్నల్ ఫైళ్లుండే /బూట్ 100 శాతం నిండిపోయి ఉంది. సొంతంగా కట్టిన మాడ్యూళ్లలో డీబగ్ సమాచారం ఉండిపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలు వందల ఎంబీకి చేరుతుంది. చిన్న /బూట్ పార్టిషన్‌లో అది పట్టదు. ఫైలు లేదు కాబట్టే గ్రబ్‌లో ఆ లైనూ రాలేదు.

మీరూ /బూట్ ఎంత నిండిందో చూడండి. నిండి ఉంటే వాడని కెర్నళ్లు తీసేయండి, ఇప్పుడు బూట్ అవుతున్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత సోర్స్ ఫోల్డర్లో 'సుడో మేక్ ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' ఇవ్వండి (ఇందులో 'ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్' అన్నది మాత్రమే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో). దాని తర్వాత 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ సి మైనస్ కె', పక్కన కొత్త వెర్షన్ పేరు. చివర్లో 'సుడో అప్‌డేట్-గ్రబ్'. అది నడిచేటప్పుడు కొత్త వెర్షన్‌కి ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్ దొరికిందన్న లైను కనపడాలి. కనపడేదాకా రీబూట్ చేయకండి.

అప్పటికీ (0,0) వస్తే పాత కెర్నల్ కాన్ఫిగ్ ఫైలును /బూట్ నుంచి కాపీ చేసుకుని, 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి. దాంతోనూ కాకపోతే /బూట్‌లో ఫైళ్ల లిస్టు సైజులతో సహా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.