సమాధానం: కారం వ్యాపారానికి ఏజెంటు అవసరమా?

అక్కా, ఉద్యం రిజిస్ట్రేషన్‌కి (చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం) ఏజెంటు మూడు వేలు అడుగుతున్నాడన్నారు కదా, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ప్రభుత్వ సైటులో అది పూర్తిగా ఉచితం. ఆధార్‌కి లింకైన ఫోను పక్కన పెట్టుకుంటే ఓటీపీతో మీరే చేసుకోవచ్చు.

డబ్బు పెట్టాల్సింది టెస్టింగ్‌కి. హైదరాబాద్ షాపువాళ్లు అడిగిన టెస్టింగ్ రిపోర్టు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు ల్యాబ్ మన గుంటూరులోనే ఉంది. మిరపకాయ సరిగా ఎండకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కారం పట్టించాక అది కంటికి ఆనదు. శాంపిల్ ఎంత కావాలో, ఫీజెంతో ముందే కనుక్కోండి.

లెక్కలు మాత్రం ఎవరికీ వదలకండి. తేజ రకం మిర్చి కిలో ఎంతకు కొన్నారు, తొడిమలు తీశాక ఎంత తేలింది, మిల్లు కూలి ఎంత, అన్నీ ఏ రోజుకారోజు ఫోన్లో ఎక్సెల్ షీటులో ఎక్కించండి. మీకు ఎంత పడిందో తెలిసుంటే షాపువాళ్లు బేరమాడినా మీరు టెన్షన్ పడరు.