డాక్టర్ సలహా: కౌన్సెలింగ్ సంగతి సరే, ఆ నిద్రమాత్రలు ఎవరు రాశారు?

ప్రశ్న: మావారికి 36 ఏళ్లు. ఏడు నెలల కింద కరీంనగర్ రోడ్డులో బైక్ యాక్సిడెంట్ అయింది. వెనక కూర్చున్న దోస్తు చనిపోయాడు. అప్పట్నుంచి రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు, బండి ముట్టడం లేదు. సైకియాట్రిస్ట్ సెర్ట్రలిన్ 50 రాసి మూడు వారాలైంది. నిద్రకు మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలం 0.5 తెచ్చి మూడు నెలలుగా రోజూ వేస్తున్నాం. మందులు వాడుతుంటే మళ్లీ కౌన్సెలింగ్ ఎందుకు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కౌన్సెలింగ్ అవసరమేనమ్మా. ముందు ఆల్‌ప్రజోలం గురించి. డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని మందు అది. మీ సైకియాట్రిస్ట్‌కు దీని సంగతి చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే చెప్పండి. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఎంత, ఎప్పుడన్నది ఆయన్ను చూసే డాక్టరే చెప్పాలి. కల్లు అలవాటుంటే దాచొద్దు. మన దగ్గర కల్తీ కల్లులో దొరుకుతున్న మందుల్లో ఇదీ ఒకటి. మీ లెక్క అర మిల్లీగ్రామే, లోపలికి పోయేది ఎంతో!

చూడకుండా నిర్ధారించలేను గానీ, లక్షణాలు పీటీఎస్‌డీలా (ఘోరమైన ప్రమాదం లాంటిది చూశాక మనసును వదలని భయం, కలత) ఉన్నాయి. సెర్ట్రలిన్ ఉలికిపాటు, చిరాకు, దిగులు తగ్గిస్తుంది. గుణం కనిపించడానికి 4–6 వారాలు పడుతుంది, అప్పుడే పనిచేయట్లేదనుకోవద్దు. బండి భయం మాత్రం ఎక్కువగా థెరపీతోనే, అంటే మీరడిగిన కౌన్సెలింగ్‌తోనే పోతుంది. ముందు స్టాండు వేసిన బండి మీద కూర్చోవడం, తర్వాత గల్లీలో ఒక చుట్టు, ఎప్పటికో ఆ రోడ్డు. ప్రతి మెట్టు దగ్గరా భయం పెరుగుతుంది. అది కొంతైనా దిగేదాకా అక్కడే ఉంటే, ఏమీ కాలేదని మనసుకు ఎక్కుతుంది. ఆల్‌ప్రజోలం వేసుకుని కూర్చుంటే భయం పెరగనే పెరగదు, మాత్ర ఉంది కాబట్టి గట్టెక్కాననిపిస్తుంది. పీటీఎస్‌డీకి ఈ రకం మాత్రలు వద్దనడానికి ఇదీ ఒక కారణం.

సాధారణంగా వారానికోసారి, గంట నుంచి గంటన్నర, 8–15 సిట్టింగులు. మొదట్లో కలలు ఎక్కువైనట్టు అనిపించవచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. 'అన్నీ మర్చిపో' అని చెప్పి పంపేవాళ్లు కాదు, ట్రామా థెరపీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో అడిగి చూడండి.

తలకు దెబ్బ తగిలిందా? మీరు రాయలేదు, అక్కడ తప్పక చెప్పండి. నొప్పులకు ట్రమడాల్ వాడుతుంటే సెర్ట్రలిన్‌తో ప్రమాదం కావచ్చు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. 'వాడి బదులు నేను పోయినా బాగుండు' అంటున్నారంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.