సేవ అంటేనే లేచి వెళ్లిపోతున్నాడు

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. పుట్టినరోజున అనాథాశ్రమానికి తీసుకెళ్లి, వాడి చేత అక్కడి పిల్లలకు పళ్లు, పుస్తకాలు ఇప్పించి ఫొటోలు తీశాం. వాడు తలెత్తలేదు. ఇంటికొచ్చాక "ఇంకెప్పుడూ నన్ను అలాంటి చోటికి తీసుకెళ్లకమ్మా" అన్నాడు. సెలవుల్లో ఏదైనా సేవ చేయరా అంటే లేచి వెళ్లిపోతున్నాడు. స్వార్థపరుడవుతాడేమోనని దిగులు.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, వాడిలో స్వార్థం ఉంటే తలెత్తుకునే ఉండేవాడు. తన ఈడు పిల్లలు వరసలో నిలబడి చేయి చాస్తుంటే వాడికి సిగ్గేసింది. ఎదుటివాళ్ల మనసు తెలిసిన పిల్లలకే అలా అనిపిస్తుంది. ముందు "ఆ రోజు నీకెంత ఇబ్బందైందో నేను గమనించలేదు నాన్నా" అనండి. ఆ ఫొటోలు ఎక్కడైనా పెట్టి ఉంటే తీసేయండి. ఇవి చేయకుండా మళ్లీ సేవ ఊసెత్తకండి.

ఈ వయసుకు కావలసింది తాను రాకపోతే ఆగిపోయే పని. ఎండాకాలం కాబట్టి చలివేంద్రం బాగా కుదురుతుంది. కొత్తది పెట్టించనక్కర్లేదు. ప్రారంభం రోజు ఫ్లెక్సీ కట్టి, పది రోజులు తిరిగేసరికి కుండలు ఎండబెట్టే చలివేంద్రాలు ఎన్నో. దాహంతో వచ్చిన మనిషి ఖాళీ కుండ చూసి వెళ్లడం చాలా అన్యాయం. మీ వీధిలో అలాంటిది ఉంటే నిర్వాహకులతో మాట్లాడి, రెండు కుండలు మీ బాబుకూ వాడి స్నేహితుడికీ అప్పగించమనండి. ఒక్కడే అయితే నాలుగో రోజుకే విసుగొస్తుంది.

కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లతో నింపి ఉంచి, మట్టివాసన పట్టిన ఆ నీళ్లు పారబోయాలి. రంగులు వేసిన కుండ వద్దు. బయటికి ఊరిన చెమ్మ గాలికి ఆరుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. రంగు ఆ చెమ్మను రానివ్వదు. నీడలో, గాలి తగిలేచోట తడి ఇసుక మీద పెట్టి, తడి గోనెపట్ట చుట్టాలి. జనం గ్లాసులు నేరుగా ముంచకుండా పొడుగు కాడ ఉన్న గరిటె గానీ, కుళాయి బిగించిన కుండ గానీ ఉండాలి. రోజూ పొద్దున అడుగు నీళ్లు పారబోసి కడిగాకే నింపాలి. 20 లీటర్ల క్యాన్ 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 100 మందికి వస్తుంది. అయితే నిండు క్యాన్‌లో నీళ్ల బరువే 20 కిలోలు, దాన్ని పెద్దవాళ్లే ఎత్తాలి. పిల్లలు చిన్న బిందెతో పోస్తే చాలు. వాళ్ల వంతు ఉదయం 7కి, సాయంత్రం 5 దాటాక. మిట్టమధ్యాహ్నం నింపే పని పక్క దుకాణంవాళ్లకు ఒప్పజెప్పండి.

మూడు వారాలని ముందే అనుకోండి. మధ్యలో మానేస్తానంటే తిట్టొద్దు, తన బదులు ఇంకొకరిని చూసిపెట్టడం మాత్రం వాడి పనే. ఫోను, డబ్బు ఆశ చూపకండి. సాయంత్రం "ఇవాళ ఎన్నింటికి అయిపోయాయి నీళ్లు?" అని అడగండి. అది వాడు నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఏ పూట ఇంకో బిందె కావాలో వాడే చెబుతాడు.

తొమ్మిదిలోకి వచ్చాక, చూపులేని పదో తరగతి విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టే పని గురించి అడిగి చూడండి. దానికి బడి ద్వారా అనుమతి కావాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు. ఇష్టమంటే సంక్రాంతి సెలవుల్లోపే హెడ్మాస్టారిని కలవండి.