మీథేన్ లెక్కలో 802 వచ్చిందా? మీ లెక్క సరైనదే

బాండ్ ఎనర్జీలతో, అంటే ఒక్కో బంధం తెంచడానికి పట్టే శక్తితో, మీథేన్ దహనం లెక్కేస్తే మోల్‌కి (అణువులను లెక్కపెట్టే కొలత) 802 కిలోజౌళ్లు వచ్చాయి, గైడ్‌లో 890 ఉంది, ఎక్కడ పొరపాటు జరిగిందని అడిగారు. ఎక్కడా జరగలేదు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను, ఈ గొడవ నా దగ్గరికి ఏటా వస్తుంది.

ఒకమ్మాయి కాలేజీ పరీక్షలో అచ్చం మీలాగే చేసింది. తెగేవి నాలుగు సి-హెచ్ బంధాలు, 413 చొప్పున. రెండు ఆక్సిజన్ అణువులు, 498 చొప్పున. మొత్తం 2648. ఏర్పడేవి కార్బన్ డయాక్సైడ్‌లో రెండు బంధాలు, 799 చొప్పున; నీటిలో నాలుగు ఓ-హెచ్‌లు, 463 చొప్పున. మొత్తం 3450. తేడా 802. పేపరు మీద అడ్డంగా ఎర్ర గీత, సున్నా మార్కులు.

కళ్లనీళ్లు పెట్టుకుని వస్తే వంటింట్లోకి తీసుకెళ్లాను. స్టీలు గిన్నె అడుగు పొడిగా తుడిపించి, ఫ్రిజ్ నీళ్లు పోసి, పటకారుతో మంట పైన పట్టుకోమన్నాను. చూస్తుండగానే అడుగంతా చెమట పట్టింది. "గిన్నె కారుతోందా మేడం?" అంది. కారడం కాదమ్మా, గ్యాస్‌లోని హైడ్రోజన్ కాలి ఆవిరైంది, చల్లటి స్టీలు తగిలి నీరైంది అన్నాను. ఆవిరి నీరయ్యేటప్పుడు మోల్‌కి 44 కిలోజౌళ్లు బయటికొస్తాయి. మీథేన్‌కి రెండు మోల్‌ల నీరు, అంటే 88. 802కి కలిపి చూడండి.

బాండ్ ఎనర్జీలు వాయువులకే వర్తిస్తాయి, అందుకే ఆ దారిలో నీరు ఆవిరిగానే మిగులుతుంది. ఫార్మేషన్ ఎంథాల్పీల (మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పటి వేడి) దారిలో ద్రవ నీటి విలువ 285.8 వేస్తాం: కార్బన్ డయాక్సైడ్ విలువ 393.5కి రెండు 285.8లు కలిపి, మీథేన్ విలువ 74.8 తీసేస్తే 890.3.

ప్రశ్నలో నీరు ఆవిరో ద్రవమో రాయకుండా పిల్లలకు సున్నాలు వేయడం నాకు మహా కోపం. ఫార్ములా బట్టీ పట్టించే కాలేజీలకు సమీకరణంలో నీటి పక్కన ఆవిరో ద్రవమో చెప్పే (g), (l) అనే ఆ చిన్న బ్రాకెట్ ఎందుకుందో చెప్పే తీరికే ఉండదు.

నన్నడిగితే ఇంటికి పనికొచ్చే లెక్క మీదే. పొయ్యి మీద ఆవిరి గాల్లో కలిసిపోతుంది, ఆ వేడి మనకు దక్కదు. సిలిండర్‌లో 14.2 కిలోలూ బ్యూటేన్ అనుకుంటే, ఈ లెక్కన దాదాపు 650 మెగాజౌళ్లు, సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. ద్రవ నీటి లెక్కన వేస్తే 700 దాటుతుంది.

పరీక్షలో మాత్రం ఏమీ చెప్పకపోతే 890 రాయండి, 25 డిగ్రీల దగ్గర నీరు ద్రవమే కాబట్టి. బాండ్ ఎనర్జీలు ఇచ్చి అడిగితే 802 రాసి, పక్కన 'నీరు ఆవిరి రూపంలో' అని తప్పకుండా రాయండి.