సంక్రాంతి కేసు, అమెరికా కొలువు

భీమవరం దగ్గరి పల్లెకు చెందిన ఒక అబ్బాయి, ఇక్కడ అమెరికాలో ఎంఎస్ ముగించి కాలిఫోర్నియాలో ఉద్యోగం సంపాదించుకున్నవాడు, కిందటి వారం నాకు రాశాడు. నాలుగేళ్ల క్రితం కనుమ నాడు కోడిపందెం బరి దగ్గర పోలీసులు పట్టుకున్నవాళ్లలో తానూ ఉన్నాననీ, కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి వచ్చేశాననీ, ఇప్పుడు కంపెనీవారు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (గత చరిత్ర ఆరా) కాగితం పంపారనీ చెప్పి, ‘బాబాయిగారూ, సంతకం పెట్టమంటారా?’ అని అడిగాడు.

సంతకం పెట్టవచ్చు, కానీ ముందు ఆ కాగితాన్ని పూర్తిగా చదవాలి. బయటి ఏజెన్సీ చేత ఆరా తీయించే యజమాని, ఆ సంగతిని వేరే ఏ షరతులూ కలపని విడి కాగితం మీద ముందే తెలియజేసి, మన రాతపూర్వక అనుమతి తీసుకోవాలని అమెరికా అంతటా వర్తించే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం చెబుతోంది. నివేదికను చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ఆ నిర్ణయం తీసుకునే ముందే దాని ప్రతినీ, మన హక్కుల పత్రాన్నీ మన చేతికి ఇవ్వాలి.

ఈ రెండో నియమం విలువ నాకు అనుభవం మీద తెలిసింది. నేను వచ్చిన కొత్తలో ఒక కంపెనీవారు ఫోన్ చేసి, ‘మీ పేరు మీద దొంగతనం కేసు ఉంది, ఉద్యోగం ఇవ్వలేము’ అన్నారు. ప్రతి పంపమని పట్టుబడితే పంపారు. పేరూ ఇంటిపేరూ నావే, పుట్టిన తేదీ నాది కాదు. పైగా ఆ దొంగతనం జరిగిన రోజున నేను మా చెల్లెలి పెళ్లివారితో కలిసి ధవళేశ్వరం బ్యారేజీ మీద వ్యానులో ఉన్నాను. పాస్‌పోర్టు మీది హైదరాబాదు విమానాశ్రయపు ముద్రల నకలు జతచేసి ఏజెన్సీకి ఫిర్యాదు రాశాను. అలాంటి ఫిర్యాదును వారు మామూలుగా 30 రోజుల్లోగా మళ్లీ పరిశీలించాలి. ఆ కేసును తొలగించారు, ఉద్యోగమూ దక్కింది. మన డెల్టాలో ఒకే ఇంటిపేరు ఊరిలో సగం గడపలకు ఉంటుంది కనుక, ఇలాంటి పొరపాటు మనవాళ్లకు కొత్తేమీ కాదు.

ఇక ఆ అబ్బాయి విషయం. కాలిఫోర్నియాలో 2018 నుంచి అమల్లో ఉన్న ఫెయిర్ ఛాన్స్ చట్టం ప్రకారం, అయిదుగురు లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, షరతులతో ఆఫర్ ఇచ్చేదాకా శిక్షల ఊసు ఎత్తకూడదు. ఎత్తిన తర్వాత కూడా నేరం ఎంతటిదో, ఎంతకాలమైందో, చేయబోయే పనికీ దానికీ సంబంధమేమిటో తూచి చూడాలి. తిరస్కరించే ఆలోచన ఉంటే జవాబు చెప్పుకోవడానికి కనీసం అయిదు పనిదినాలు ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ రాయడానికీ బరి పక్కన నిలబడడానికీ సంబంధం చూపడం ఏ యజమానికైనా కష్టమే. అయితే ‘జరిమానాయే కదా, శిక్ష కాదు’ అనుకోవద్దు: నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే చట్టం దృష్టిలో దోషిగా తేలడమే. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి, అడగనిది చెప్పనక్కరలేదు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు మాత్రం ఈ కాలిఫోర్నియా చట్టం తమకూ వర్తిస్తుందనుకోకండి. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టం లేదు; దరఖాస్తులోనే అడగవచ్చు.

నన్ను అసలు కలవరపెట్టింది అతని ఉత్తరంలోని చివరి వాక్యం. వీసా ఫారం కన్సల్టెన్సీవాళ్లు నింపారట, అరెస్టు గురించిన ప్రశ్న దగ్గర ‘లేదు’ అని నొక్కారట. యజమానికి ఉన్న హద్దులేవీ వీసా అధికారికి లేవు. ఆ ఫారం అరెస్టునూ శిక్షనూ రెంటినీ అడుగుతుంది, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పమంటుంది, ఎన్నేళ్లయిందన్నది చూడదు. కోడిపందెం కేసు వల్ల వీసా పోవడం అరుదు కావచ్చు గానీ, ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినట్లు తేలితే జీవితకాలపు అనర్హత పడుతుంది. దాన్ని దాటడానికి మినహాయింపు కోరుకోవడం తప్ప దారి లేదు. ఎవరు నింపినా, కింద సంతకం మనదే. అందుచేత కంపెనీ కాగితం కన్నా ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవమనీ, ఆయన చెప్పేదాకా పాస్‌పోర్టు మీద కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్‌కు ఇండియా వెళ్లవద్దనీ రాశాను.

ఈలోగా ఊళ్లో నాన్నగారి చేత వకీలు ద్వారా కోర్టులో దరఖాస్తు పెట్టించి, ఎఫ్‌ఐఆర్, తీర్పు సర్టిఫైడ్ కాపీలు, జరిమానా రసీదు తెప్పించుకోమన్నాను. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. రసీదు అటక మీది ట్రంకుపెట్టెలో, పొలం పన్ను రసీదుల మధ్య ఉందని నిన్న వాళ్లమ్మగారు ఫోన్‌లో చెప్పారట.