తుంటి కీలు మార్పిడి: నెలలు మంచంలోనే ఉండాలా?

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్లు. కుడి తుంటి కీలు బాగా అరిగిపోయిందని, వచ్చే నెల హిప్ రీప్లేస్‌మెంట్ చేద్దామని డాక్టర్ చెప్పారు. షుగర్ ఉంది, బీపీకీ రక్తం పల్చబడ్డానికీ టాబ్లెట్లు వాడుతోంది. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి మంచంలోనే ఉండాలని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి వద్దంటోంది. మేం ముందుగా ఏం రెడీ చేసుకోవాలి? మళ్లీ మామూలుగా ఎప్పటికి నడుస్తుంది?

జవాబు: ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. నెలల తరబడి మంచం అనేది పాతకాలం మాట, తుంటి విరిగితే కాలికి బరువులు కట్టి వారాల కొద్దీ పడుకోబెట్టిన రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ అదే చెప్తుంటారు. మీ అమ్మగారికి చేసేది అది కాదు. తొడ ఎముక పైకొనలో బంతిలా ఉండే అరిగిన భాగాన్ని తీసేసి ఆ ఎముకలో ఒక లోహపు కాడ, దాని మీద కొత్త బంతి, అవతల కటి ఎముకలో కొత్త గిన్నె బిగిస్తారు, చాలామందిలో ఆ కీలు మొదటి రోజు నుంచే బరువు మోసేస్తుంది కాబట్టి ఆపరేషన్ రోజు సాయంత్రమో మర్నాడో వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయిస్తారు. మానాల్సింది ముఖ్యంగా కోసిన చర్మం, కండా. అసలు కదలకుండా పడుకుంటేనే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

ఇక చేతిలో ఉన్న ఈ నెల. కీలు ఆపరేషన్లలో నేను అన్నిటికన్నా భయపడేది ఇన్ఫెక్షన్‌కి, అందుకే షుగర్ దగ్గర మొహమాటం లేకుండా చెప్తాను, చాలామంది సర్జన్లు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 8 లోపు ఉండాలంటారు, అంతకన్నా ఎక్కువుంటే డేట్ కొంచెం వాయిదా పడినా నష్టం లేదు. పుచ్చిపన్ను, యూరిన్‌లో మంట, కాలివేళ్ల మధ్య పుండు, ఇలాంటివి చిన్నవే కదా అని దాచకండి, డేట్ ఎక్కడ తప్పిపోతుందో అని చాలామంది దాస్తారు, తర్వాత అవే కొంప ముంచుతాయి. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో రేజర్‌తో షేవింగ్ కూడా చెయ్యొద్దు, కంటికి కనపడని గాట్లు పడతాయి. రక్తం పల్చబడ్డానికి ఏ టాబ్లెట్ వాడుతున్నారో మీరు రాయలేదు. కొన్నిటిని 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి, కొన్నిటిని ఆపక్కర్లేదు, గుండెలో స్టెంట్ ఉంటే లెక్కే వేరు, కాబట్టి టాబ్లెట్ల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని వెళ్లి మత్తు డాక్టర్‌కి చూపించండి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

ఇంకోటి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి అందరూ ఆపరేషన్ అయ్యాకే వెళ్తారు, నన్నడిగితే ముందే ఒకసారి తీసుకెళ్లండి. తొడ, పిరుదు కండరాలు బిగించి వదిలే వ్యాయామాలు, వాకర్ పట్టుకునే పద్ధతి నొప్పి తక్కువున్నప్పుడే నేర్చుకుంటే తర్వాత చాలా తేలిక, పైగా అమ్మగారి భయం కూడా సగం అక్కడే పోతుంది.

ఇంట్లో ఆవిడ కూర్చునే కుర్చీని ఇప్పుడే చూడండి. కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కన్నా కిందకే ఉండాలి, చేతులు ఆనించుకోడానికి ఆసరా ఉండాలి. మెత్తగా లోపలికి కుంగిపోయే సోఫా అస్సలు పనికిరాదు. టాయిలెట్ సీటు కిందకుంటే పైన ఎత్తు పెంచే సీటు పెట్టించండి, నడిచే దారిలో కాళ్లకి తగిలే పట్టాలు, వైర్లు తీసేయండి. మొదటి 6 నుంచి 12 వారాలు కాలు మీద కాలు వేసుకోవడం, కింద పడ్డ వస్తువు కోసం బాగా వంగడం, పాదం లోపలికి తిప్పడం కూడదు, కీలు జారిపోవచ్చు. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు. ముందు వైపు నుంచి కోసి చేసేవాళ్లకి ఈ రూల్స్ కొంచెం తక్కువే, మీ సర్జన్ ఎటునుంచి చేస్తారో అడగండి.

నడక విషయానికొస్తే, కొన్ని వారాలు వాకర్, తర్వాత కర్ర. కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి, ఆపరేషన్ కుడి కాలికి కాబట్టి, ఇది సగం మంది తప్పుగానే పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. 6 వారాలకి ఇంట్లో పనులు చాలావరకు తనే చేసుకోగలరు, 3 నెలలకి బయట హాయిగా నడుస్తారు, పూర్తి బలం రావడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మధ్యలో సాయంత్రానికి కాలు వాచడం, ఆ కాలు కొంచెం పొడుగైనట్టు అనిపించడం మామూలే, చాలామందిలో మెల్లగా సర్దుకుంటాయి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు సాధారణంగా 5 వారాల దాకా వాడాల్సి వస్తుంది, బానే ఉన్నాం కదా అని మధ్యలో మానేయొద్దు. గాయం నుంచి చీము, తగ్గని జ్వరం, పిక్కలో గట్టి నొప్పితో వాపు, ఉన్నట్టుండి కాలు పొట్టిగా అయిపోయి కదపలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఫోన్లు చేసి అడుగుతూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకే.